గట్టు మీద సీను

కంకిపాడు
12 జూలై 2024

బావగారికి వందనాలు.

పదిహేనుసార్లు ఫోన్ చేశాను. మోగుతుంది, మీరు ఎత్తరు. అందుకని బడి మానేశాక మొదటిసారి ఉత్తరం రాస్తున్నాను. పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటర్లో అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది.

విషయం ఏంటంటే, మన సంఘం వాళ్ళు నన్ను ఇంకో సినిమా తీయమన్నారు. పోయినేడాది గంజాయి మీద తీశాం కదా, దాన్ని పెనమలూరు నుంచి అవనిగడ్డ దాకా పద్నాలుగు మందిరాల్లో తెరకట్టి వేశాం. ఉయ్యూరులో బొమ్మ అయిపోగానే ఒక తల్లి కొడుకు చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకొచ్చి పాస్టరు గారి దగ్గర నిలబెట్టింది. పెళ్ళి వీడియోలు తీసుకునే నాకు అంతకన్నా ఏం కావాలండీ. ఈసారి తాగుడు మీద తీద్దామన్నారు. "కథ కోసం ఎక్కడికో పోవడం దేనికి లాజరూ? మీ బావ సాక్ష్యం ఉందిగా" అన్నారు పాస్టరు గారు.

నిజమేగా. పన్నెండేళ్ళ కిందట మా ఊరి కాలువ గట్టు మీద మీరు తాగి పడిపోవడం, వెలుగు కనపడటం, 'ఇక చాలు' అన్న మాట వినపడటం, ఆ రోజు నుంచి చుక్క ముట్టకపోవడం. పదేళ్ళపాటు ప్రతి ఏప్రిల్లో మందిరంలో నిలబడి మీ నోటితో మీరే చెప్పారు. దయక్క ముందు వరసలో కూర్చుని వినేది. ఆమె పోయిన దగ్గర్నుంచి మీరు మందిరం గడప తొక్కలేదు. సినిమాతోనైనా వస్తారని నా ఆశ.

పేరు 'గట్టు మీద వెలుగు' అనుకున్నాం. మీరు ఒప్పుకోవాలి. అక్క చీర ఒకటి పంపితే వేషం కట్టే అమ్మాయికి కట్టిస్తాను. ఆఖర్లో మీరే కెమెరా ముందుకొచ్చి "ఆ మనిషిని నేనే" అని చెప్పాలి. అదే సినిమాకి ప్రాణం.

ఆ వెలుగు ఏ రంగులో ఉందండీ? లైట్లు దాన్నిబట్టి తెప్పించాలి.

మీ బావమరిది
లాజరు

*

కొండపల్లి
21 జూలై 2024

లాజరుకు,

ఫోన్ ఎత్తకపోవడం నీ మీద కోపంతో కాదు. ఫోన్లో అందరూ ముందు "ఎలా ఉన్నారు" అంటారు. ఉత్తరంలో ఆ ప్రశ్నను దాటవేయవచ్చు.

సినిమా తీసుకో. చీర పంపుతున్నాను. ఆకుపచ్చది. కొంగు దగ్గర అత్తరు మరక ఉంది. ఉతికించవద్దు.

వెలుగు పసుపు రంగు. అంచుల్లో ఎరుపు. ముందు మొహం మంటెత్తింది. గుండె చెవుల్లో కొట్టుకుంది. ఊపిరి అందలేదు. తర్వాత వాంతి. వెలుగు ఆ తర్వాత. వరుస మార్చవద్దు.

మీ అక్క గురించి రెండు మాటలు. జుట్టు విరబోసుకుని ఏడ్చే మనిషి కాదు. నేను తాగి వస్తే తలుపు తీసి, చెప్పులు పక్కకు పెట్టి, మాట్లాడకుండా పడుకునేది. అలాగే చూపించు. మీ నాన్నగారికి తుంటి విరిగితే సాయానికి వచ్చి మీ ఇంట్లో ఉన్నాం, గుర్తుందా. ఆయన మంచం ఎదురుగా తాగలేక తొమ్మిది రోజులు ఆపుకున్నాను. తొమ్మిదో రోజు సాయంత్రం గట్టు మీదకు వెళ్ళాను. ఆ ఉదయం కూడా ఆమె రోజూ ఇచ్చినట్టే మజ్జిగ ఇచ్చింది. "తాగి వెళ్ళండి" అని నేను గ్లాసు దించేదాకా నిలబడింది. అది తప్పకుండా పెట్టు. ఆ రోజు గురించి తలుచుకుంటే నాకు వెలుగు కన్నా ముందు ఆ గ్లాసే గుర్తొస్తుంది.

చివర్లో మాట్లాడటం గురించి ఆలోచిస్తాను.

మాణిక్యం

*

కంకిపాడు
10 ఆగస్టు 2024

బావగారికి వందనాలు.

గట్టు మీద సీను అయిపోయింది! మీ వేషం వేసింది గుడివాడ నాటకాలాయన. మహా నటుడు. బీట్‌రూట్ నీళ్ళు పుక్కిలించి వాంతి చేసుకున్నాడు. గేదెలు తోలుకెళ్ళే ముసలమ్మ చూసి "అయ్యో నాయనా, ఎవరి బిడ్డో, నెత్తురు కక్కుతున్నాడు, మీరు ఫొటోలు తీస్తన్నారేంట్రా సిగ్గులేకుండా" అని మా మీదకి కర్ర ఎత్తింది. సినిమా అంటే నమ్మదే! ఆవిడకి టీ ఇప్పించి కూర్చోబెట్టాం. తర్వాత ఆవిడే మాకు సలహాలు. "మా ఆయన పడిపోయేటప్పుడు ఇలా కాదు, అలా వాలేవాడు" అని.

వెలుగు బాగా వచ్చింది. పెళ్ళిళ్ళకి వాడే పెద్ద లైట్లు రెండు పెట్టి పసుపు కాగితం కట్టాం.

మజ్జిగ సీను మాత్రం తీయలేదండీ. నిడివి పెరుగుతోంది. పైగా కథకి అవసరం లేదు. ఏమనుకోకండి.

ఇంకోటి. ఆఖర్లో అక్క బతికే ఉంటుంది. మీరు పనినుంచి వస్తారు, ఆమె గుమ్మంలో నిలబడి నవ్వుతుంది, అంతే. జనం ఏడుస్తూ ఇళ్ళకి పోకూడదని సంఘ పెద్ద జక్కయ్య గారు గట్టిగా చెప్పారు. మీకు బాధగా ఉంటే రాయండి.

సెప్టెంబరు మొదటి ఆదివారం మీ సాక్ష్యం షూటింగు పెట్టుకున్నాం. కాదనకండి.

లాజరు

*

కొండపల్లి
18 ఆగస్టు 2024

లాజరుకు,

బతికించు. అభ్యంతరం లేదు. ఎక్కడో ఒకచోట ఉండనీ.

నీకు తెలియని ఒక సంగతి రాస్తున్నాను. సినిమా కోసం కాదు. మూడేళ్ళ క్రితం మీ అక్క రొమ్ములో గడ్డ ఉందని చెప్పినప్పుడు ఆసుపత్రి వద్దన్నది నేను. "నా తాగుడు తీసేసినవాడికి నీ గడ్డ ఒక లెక్కా" అన్నాను. ఇరవై ఒక్క రోజులు ఉపవాసం ఉందామన్నాను. ఇద్దరం ఉన్నాం. తర్వాత మరో ఇరవై ఒకటి. గట్టు మీద అంత స్పష్టంగా చూసినవాడిని, అనుమానం ఎలా వస్తుంది? ఆరు నెలలు పోయాయి. డాక్టరు సినిమా రీలు చూసినట్టు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి, "ఇంతకాలం ఏం చేస్తున్నారు" అని అడిగాడు. ప్రార్థన అని చెప్పడానికి నోరు రాలేదు.

ఉపవాసం రోజుల్లో ఒకసారి ఆమె "ఏమండీ, ఒక మాట" అంది. చెప్పమన్నాను. "ఏం లేదు, లోపలికి రండి, మంచు పడుతోంది" అంది. ఆ మాట ఏమిటో అప్పుడు అడగలేదు.

మొదటి ఆదివారం వస్తాను.

మాణిక్యం

*

కంకిపాడు
5 సెప్టెంబరు 2024

బావగారూ,

బుడమేరు గండ్లు పడ్డాయని టీవీలో చూసిన దగ్గర్నుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాను. మీ వీధి పడవల మీద చూపించారు. మీరే అనుకుంటా, మేడ మీద గొడుగేసుకుని నిలబడ్డ మనిషి. ఫోన్ స్విచాఫ్. రోడ్డు లేదు. ఈ ఉత్తరం ఎప్పటికి చేరుతుందో తెలియదు. చేరగానే ఒక్క ముక్క రాయండి. షూటింగు సంగతి తర్వాత. అక్టోబరుకి మార్చాం.

లాజరు

*

కొండపల్లి
19 సెప్టెంబరు 2024

లాజరుకు,

క్షేమం. నీళ్ళు ఇంట్లో నడుముదాకా వచ్చాయి. పై వాటాలో నాలుగు రోజులున్నాను. బురద ఎత్తిపోయడం అయింది. మీ అక్క కుట్టుమిషను నీళ్ళలో ఉండిపోయింది. విప్పి ఎండబెట్టాను.

నేను కెమెరా ముందు నిలబడను. గట్టు మీద సీను సినిమాలోంచి తీసెయ్యి. కారణం అడగవద్దు.

మాణిక్యం

*

కంకిపాడు
14 అక్టోబరు 2024

బావగారికి,

కారణం అడగొద్దన్నారు. నేను అడగలేదు. కారణమే నడుచుకుంటూ మా ఇంటికొచ్చింది.

పోయిన గురువారం జక్కయ్య గారు గవర్నర్‌పేట వెళ్ళారు. బ్రాందీ షాపు ముందు మిమ్మల్ని చూశారట. బండాపి "మాణిక్యం గారూ" అని పిలిస్తే మీరు తలొంచుకుని సందులోకి తిరిగిపోయారట. చేతిలో చిన్న పొట్లం. మా గుమ్మంలో నిలబడే అన్నాడాయన, "సాక్ష్యం చెప్పే నోరేగా, అప్పుడప్పుడు తడుపుకోవద్దా మరి" అని. మా ఆవిడ వింటుండగా. నేను తల ఎక్కడ పెట్టుకోవాలి?

ఒంటరితనం నాకు తెలుసు. వరదలో ఇల్లు పోయినంత పనైంది, అదీ తెలుసు. కానీ పన్నెండేళ్ళు బావగారూ! అక్క ఎన్ని రాత్రులు మోకాళ్ళ మీద ఉందో మీరు చూడలేదు, నేను చూశాను. మొదలెట్టి ఉంటే నాకు చెప్పండి. నేనే వచ్చి మీ దగ్గరుంటాను. దాచొద్దు. దాచడం ఒక్కటే మన ఇంట్లో లేదు.

గట్టు మీద సీను తీసేస్తే సినిమాయే లేదు. అది తీసెయ్యను.

లాజరు

*

కొండపల్లి
22 అక్టోబరు 2024

లాజరుకు,

తాగలేదు. జక్కయ్య గారు చూసింది నిజమే. బ్రాందీ షాపు పక్కన మందుల షాపు ఉంది. ఆయన అటు చూడలేదు.

కుట్టుమిషను సొరుగు నీళ్ళకు ఉబ్బి రాలేదు. చెక్క పగలగొట్టాను. దారపు కండెల వెనక రబ్బరు గుడ్డలో చుట్టి బిళ్ళల అట్టలు మూడు. రేకు మీద అక్షరాలు చెరిగిపోలేదు. తయారీ జనవరి 2012. పేరు చూశాను. నేను కెమిస్ట్రీ చదివినవాడిని. అయినా అడిగి నిర్ధారించుకోవాలని గవర్నర్‌పేట వెళ్ళాను. షాపతను అట్ట అటూ ఇటూ తిప్పాడు.

"ఇది తాగుడు మాన్పించేదండీ. ఇది ఒంట్లో ఉండగా తాగితే మొహం మంట, గుండెదడ, వాంతులు. మనిషికి చెప్పకుండా పెడితే ప్రాణం మీదకొస్తది. డాక్టరు చీటీ లేనిదే ఇవ్వం. ఎవరికండీ?"

"నాకు."

"ఎప్పట్నుంచి తాగుతున్నారు?"

"పన్నెండేళ్ళ క్రితం మానేశాను."

అతను అట్ట నా చేతిలో పెట్టి ఇంకొకరితో మాట్లాడసాగాడు.

మొహం మంట, గుండెదడ, వాంతి. జూలైలో నీకు రాసిన వరుసే.

ముప్ఫై ఏళ్ళుగా థర్మల్ స్టేషన్ లేబ్‌లో బాయిలర్ నీళ్ళు పరీక్ష చేస్తున్నాను. పది లక్షల వంతుల్లో ఒక వంతు ఉప్పున్నా పట్టుకుంటాను. నా మజ్జిగలో ఏముందో నాకు తెలియలేదు.

మూడు అట్టలకు ముప్ఫై బిళ్ళలు. ఇరవై ఒకటి ఉన్నాయి. తొమ్మిది లేవు. మీ ఇంట్లో నేను తాగకుండా ఉన్న తొమ్మిది ఉదయాలు. పదో రోజునుంచి ఆమె కలపలేదు.

ఆమె మీద కోపం లేదు. నేను మారాను. కానీ ఆ గట్టు మీద నేను ఒక కథ కట్టుకున్నాను. ఆ కథను నమ్మి ఆమె గడ్డకు ఉపవాసం పెట్టాను. అది కథ అని ఆమెకు ఒక్కదానికే తెలుసు. నా పక్కన మోకరించి, తెలిసి, ఊరుకుంది. "ఏమండీ, ఒక మాట" అన్నది ఇదే. ఎందుకు చెప్పలేదు?

ఆమె ఒంటరిగా బజారుకు వెళ్ళి ఇలాంటివి కొనగల మనిషి కాదు. ఎవరో తెచ్చి ఇచ్చారు. నీకు తెలుసా?

ఇంకో ప్రశ్న. మజ్జిగ సీను ఎందుకు తీయలేదు?

మాణిక్యం

*

కంకిపాడు
20 నవంబరు 2024

బావగారికి,

నెల పట్టింది. ఆరు కాగితాలు చించాను.

నేనే తెచ్చాను. ఉయ్యూరులో నాకు తెలిసిన కాంపౌండరు ఇచ్చాడు. డాక్టరు చీటీ లేదు. ప్రమాదమని అతనూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మీరు గట్టు మీద పడిపోయారని కబురు రాగానే అక్క పరుగెత్తింది. చెప్పుల్లేకుండా. దారి పొడుగునా "చంపేశాన్రా తమ్ముడూ, చంపేశాను" అంటూనే ఉంది. మీరు కళ్ళు తెరిచి వెలుగు కనపడిందన్నారు. అక్క నావైపు చూసింది. నేను వద్దన్నట్టు తలూపాను. అది మొదటిసారి.

రెండోసారి ఉపవాసాలప్పుడు. ఫోన్ చేసింది. "ఒరేయ్ తమ్ముడూ, ఆయనకి చెప్పేస్తాన్రా. బిళ్ళతోనే మానారని తెలిస్తే నన్ను ఆసుపత్రికి తీసుకెళ్తారు" అంది. నేను వద్దన్నాను. "పదేళ్ళ సాక్ష్యం అక్కా. తెలిస్తే మనిషి నిలబడడు. మళ్ళీ సీసా పడతాడు. ఇరవై ఒక్క రోజులేగా, ఓపిక పట్టు" అన్నాను. తర్వాత "సర్లే, నువ్వు అన్నం తిన్నావా" అని పెట్టేసింది.

నేనే బండెక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సింది. పెళ్ళిళ్ళ సీజనని ఊరుకున్నాను. ఆగస్టులో మీరు 'నీకు తెలియని సంగతి' అని రాశారు చూడండి, ఆ కాగితం చదివి స్టూడియో షట్టర్ దించుకుని కూర్చున్నాను.

సినిమా ఎందుకు తీశానంటారా. అక్కని చంపింది అబద్ధం అయితే, ఆ అబద్ధంతో పదిమంది తాగుడు మానితే కొంతైనా చెల్లుతుందనుకున్నాను. దాచడం మన ఇంట్లో లేదని మొన్న మీకు రాసిన చెయ్యి ఇదే.

డిసెంబరు 22 ఆదివారం సాయంత్రం మా మందిరంలో సినిమా వేస్తున్నారు. పోస్టర్లు కొట్టించారు. మీరు ఆపమంటే ఆపుతాను.

లాజరు

*

కొండపల్లి
28 నవంబరు 2024

లాజరుకు,

ఆపవద్దు. వస్తాను. సినిమా అయిపోయాక నాకు మైకు ఇవ్వు.

కోపం లేదని రాయలేను. ఉందని రాసినా నీకు ఉపయోగం లేదు.

నేను నిలబడనన్నావు. తొమ్మిది బిళ్ళల తర్వాత పదేళ్ళు ఆమె నాకు వట్టి మజ్జిగే ఇచ్చింది. నిలబడతానని ఆమెకు తెలుసు. మనిద్దరికే తెలియలేదు.

మాణిక్యం

*

కంకిపాడు
24 డిసెంబరు 2024

బావగారికి,

మీరు ఆఖరి బస్సుకి వెళ్ళిపోయారు, మాట్లాడటం కుదరలేదు.

మీరు మాట్లాడింది నాలుగు నిమిషాలు. రెండు వందల మంది విన్నారు. "గట్టు మీద నన్ను పడేసింది బిళ్ళ. మా ఆవిడకు ఆసుపత్రి లేకుండా చేసింది నేను. ఇప్పుడు మీరు చూసిన గుమ్మంలో ఆవిడ లేదు" అని మీరన్నప్పుడు జక్కయ్య గారు "లాజరూ, మైకు కట్టెయ్" అన్నారు. నా వేలు స్విచ్ మీదే ఉంది. నొక్కలేదు. ఆయనే లేచొచ్చి వైరు పీకారు. మీరు ఆగలేదు. మూడో వరస దాకా వినిపించిందట.

కొన్నది నేనని మీరు చెప్పలేదు. నిన్న పాస్టరు గారింటికి వెళ్ళి నేనే చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నారు. "ఆ బిళ్ళని మాత్రం ఎవరు పుట్టించారు లాజరూ, ఆయన కాదా?" అన్నారు.

సినిమా ఇక ఏ మందిరానికీ పోదు. సంఘం తీర్మానం చేసింది. జక్కయ్య గారు గోడల మీద పోస్టర్లు తనే గీకించారు.

గేటు దగ్గర ఒకామె మిమ్మల్ని ఆపి మాట్లాడింది. మా మందిరం ఊడ్చే సీతమ్మ. ఆవిడ మొగుడు పొద్దున్నే మొదలెడతాడు. ఏమంది? మీరు చెప్పింది ఒక్కరికైనా అందిందా?

లాజరు

*

కొండపల్లి
31 డిసెంబరు 2024

లాజరుకు,

అందింది. ఎలా అందిందో రాస్తున్నాను.

"అయ్యగారూ, ఆ బిళ్ళ పేరు చెప్పండి" అంది. ఎందుకన్నాను. "మజ్జిగలో కలుపుతానండి."

చెప్పకుండా పెడితే మనిషి చచ్చిపోవచ్చని చెప్పాను.

"మీరు బతికారుగా?"

"బతికాను."

"మీ ఆడమనిషి చేసిందేగా నేనూ చేత్తానంటన్నాను. ఆవిడ చేత్తే బాగుపడ్డారు, నేను చేత్తే తప్పయిందా?"

పేరు చెప్పలేదు. మీ అక్క ఉన్నప్పుడు నేను ఎవరినీ అడగని ప్రశ్న ఈమెను అడిగాను. నీ ఒంట్లో ఎలా ఉందమ్మా అన్నాను. ఆమె నవ్వింది. "నాకేం, రాయిలాగున్నా" అంది. ఎడమ చెయ్యి పైకి ఎత్తలేకపోవడం నేను చూశాను. అతను కొట్టి ఉండవచ్చు. వేరే ఏదైనా అయి ఉండవచ్చు.

నిన్న సోమవారం సెలవు పెట్టి కంకిపాడు వచ్చాను. నీకు చెప్పలేదు. మొగుడూ పెళ్ళాలిద్దరినీ ఆసుపత్రికని బస్సెక్కించాను. అతను బెజవాడ బస్టాండులో నీళ్ళు తాగొస్తానని దిగి మళ్ళీ రాలేదు. ఆమె అతన్ని వెతుక్కుంటూ వెళ్ళిపోయింది. వచ్చే సోమవారం మళ్ళీ వస్తాను. ఈసారి ముందు ఆమెను తీసుకెళతాను. అక్కడ నువ్వు కూడా ఉండు. బండి తీసుకురా.

పాస్టరు గారి మాట గురించి ఆలోచించాను. కావచ్చు. అలా అయితే ఆసుపత్రిని కూడా ఆయనే పుట్టించి ఉంటాడు. మేం వెళ్ళలేదు.

ఇరవై ఒక్క బిళ్ళలూ మా లేబ్‌లో పారవేసే పద్ధతిలో పారవేశాను. అట్టలు ఉంచుకున్నాను. పొద్దున మజ్జిగ నేనే కలుపుకుంటున్నాను. ఆ తొమ్మిది రోజులూ రుచిలో ఏమైనా తేడా ఉందా అని గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నాను. లేదు. ఒక్కరోజు కూడా.

సినిమా ఎవరూ చూడరన్నావు. నాకు ఒక కాపీ పంపు. గట్టు మీద సీను అక్కర్లేదు. ఆఖర్లో ఆ అమ్మాయి ఆకుపచ్చ చీర కట్టుకుని గుమ్మంలో నిలబడుతుంది కదా, అక్కడి నుంచి చాలు. వీలైతే ఆమె చేతిలో ఒక గ్లాసు పెట్టి ఆ ఒక్క ముక్క మళ్ళీ తియ్యి.

మీ బావ
మాణిక్యం